పహణీ రైతుది, తాళంచెవి ఎవరిది?

బెంగళూరుకు ఉత్తరాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, గౌరిబిదనూరు మీదుగా హిందూపురం వెళ్ళే దారిలో ఉన్న పట్టణం దొడ్డబళ్ళాపురం. పట్టు మగ్గాలకు పేరుపొందిన ఈ తాలూకాలో కన్నడంతో పాటు తెలుగు కూడా వినిపిస్తుంది. సరిహద్దుకు ఇరువైపులా పొలాలున్న కుటుంబాలకు కర్ణాటకలో ఒక భూదస్త్రం, ఆంధ్రలో మరొక భూదస్త్రం ఉంటాయి. నేడు ఆ రెండూ కంప్యూటరులోనే ఉన్నాయి. కాగితపు దస్త్రం బీరువాలో ఉండేది, బీరువా తాళంచెవి కచేరీలో ఉండేది. కంప్యూటరు దస్త్రానికి సాఫ్ట్‌వేరే తాళంచెవి. అది ఎవరి చేతిలో ఉన్నదన్న ప్రశ్న ప్రభుత్వానికీ, చిన్న వ్యాపారికీ ఒకేలా వర్తిస్తుంది.

లైసెన్సు అంటే ఏమిటి?

మగ్గం కొన్న నేతగాడు దానిని విప్పి చూడవచ్చు, తనకు నచ్చిన మేస్త్రీచేత బాగు చేయించవచ్చు, అక్కరలేనప్పుడు అమ్ముకోవచ్చు. సాఫ్ట్‌వేరు విషయం వేరు. డబ్బు చెల్లించినవారికి సాధారణంగా లభించేది ప్రోగ్రాము మీద యాజమాన్యం కాదు, కొన్ని షరతులతో వాడుకొనే అనుమతి మాత్రమే. ఆ అనుమతి పత్రమే లైసెన్సు. ఎన్ని కంప్యూటర్లలో వాడవచ్చు, ఎంత కాలం వాడవచ్చు, ఇతరులకు ఇవ్వవచ్చునా అన్నవి అందులో ఉంటాయి. ప్రోగ్రాము ఎలా పనిచేస్తుందో తెలిపే మూలసంకేతం, అంటే సోర్స్ కోడ్, చాలా సందర్భాలలో తయారీదారు వద్దనే ఉండిపోతుంది.

భారతదేశంలో ఈ విషయం 1957 నాటి కాపీరైట్ చట్టం పరిధిలోకి వస్తుంది. అక్రమ ప్రతి అని తెలిసి కూడా కంప్యూటరులో వాడినవారికి 63-బి సెక్షన్ కింద 7 రోజుల నుండి 3 సంవత్సరాల వరకు జైలు శిక్ష, 50 వేల నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధించే వీలున్నది. అదే చట్టంలోని 52వ సెక్షన్ న్యాయంగా పొందిన ప్రోగ్రాముకు, నష్టం జరిగితే ఆదుకొనేందుకు, రక్షణ ప్రతి తీసుకోవడాన్ని అనుమతిస్తుంది.

బంధనం ఎలా బిగుసుకుంటుంది?

ఒక విక్రేత వద్ద కొన్న తరువాత మరొకరి వద్దకు వెళ్ళలేని స్థితిని వెండర్ లాకిన్ అంటారు. దీనిని విక్రేత బంధనం అనవచ్చు. ఇది ఒక్కనాడు ఏర్పడేది కాదు. లెక్కలన్నీ ఆ ప్రోగ్రాము మాత్రమే చదవగల రూపంలో నిల్వ అవుతాయి. ఉద్యోగులు దానికే అలవాటుపడతారు. దానికి అనుబంధంగా మరికొన్ని ప్రోగ్రాములు చేరుతాయి. ఐదారేళ్ళు గడిచేసరికి, ధర పెంచినా, మరమ్మతు ఆలస్యమైనా భరించవలసిందే. కొన్ననాటి బిల్లు ఎంత చిన్నదైనా, విడిచిపెట్టే నాటి ఖర్చే దాని అసలు ధర.

గడువు కూడా విక్రేతదే. మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న సాధారణ మద్దతును నిలిపివేసింది. చక్కగా పనిచేస్తున్న కంప్యూటర్లను సైతం భద్రతా కారణాలతో మార్చవలసిన అవసరం ఎందరికో ఏర్పడింది.

భూమి, నెమ్మది, ధరణి

కర్ణాటక ప్రభుత్వం ‘భూమి’ పథకం కింద 2000 ప్రాంతంలో పహణీలను కంప్యూటరు ద్వారా ఇవ్వడం ఆరంభించింది. గ్రామ లెక్కాధికారి చేతితో రాసి ఇచ్చే పహణీ స్థానంలో తాలూకా కచేరీలో 15 రూపాయలకు ముద్రిత ప్రతి లభించసాగింది. దాదాపు 67 లక్షల మంది రైతులకు చెందిన 2 కోట్ల దస్త్రాలు అందులో చేరాయి. ఈ ప్రోగ్రామును రూపొందించినది ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్, అంటే ఎన్ఐసీ.

2006లో హోబళి స్థాయిలో ‘నెమ్మది’ కేంద్రాలు ప్రైవేటు భాగస్వామ్యంతో వెలిశాయి. తరువాత ఆ ఏర్పాటు ముగిసి, 2012 చివరి నుండి అటల్‌జీ జనస్నేహి కేంద్రాలు వాటి స్థానంలోకి వచ్చాయి. దొడ్డబళ్ళాపురం తాలూకాలోని కసబా, దొడ్డబెళవంగల, తూబగెరె, సాసలు, మధురె హోబళిల రైతులకు కేంద్రం పేరు మారింది, నడిపేవారు మారారు. పహణీ దస్త్రం మాత్రం ప్రభుత్వపు ‘భూమి’లోనే నిలిచింది. కిటికీ వద్ద కూర్చొనేవారిని మార్చడం ఒక పని, మూల దస్త్రాన్ని చేతులు మార్చడం మరొక పని అని ఈ అనుభవం తెలుపుతుంది.

తెలంగాణలో 2020 అక్టోబరు 29న ఆరంభమైన ధరణి పోర్టల్ నిర్వహణ ఒక ప్రైవేటు సంస్థ చేతిలో ఉండేది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఆ బాధ్యతను ఎన్ఐసీకి అప్పగించింది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. భూదస్త్రాల వంటి వ్యవస్థను ఒకరి నుండి మరొకరికి అప్పగించే షరతులు తొలి ఒప్పందంలోనే స్పష్టంగా ఉండడం ఎంత అవసరమో ఇటువంటి మార్పులు తెలుపుతాయి.

అక్షరాలకూ సంకెళ్ళు

2000ల తొలినాళ్ళలో తెలుగు పత్రికల వెబ్ పుటలను చదవాలంటే చాలా చోట్ల ఆ పత్రిక ఫాంటునే దించుకోవలసి వచ్చేది. ఫాంటు మారితే అక్షరాలు అర్థంలేని గుర్తులుగా కనిపించేవి. కర్ణాటక కచేరీలలో వాడిన ‘నుడి’ ఉచితంగానే లభించినా, దాని పాత సంకేతాలలో టైపు చేసిన దస్త్రాలకు అదే ఫాంటు కావలసి వచ్చేది. కనుక డబ్బు తీసుకోనంత మాత్రాన బంధనం లేనట్లు కాదు. అందరికీ ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్ వ్యాప్తి చెందిన తరువాతనే ఈ చిక్కు చాలావరకు తీరింది.

మీట నొక్కితే ఆగిన సేవలు

2025 జూలైలో నయారా ఎనర్జీ అనుభవం వ్యాపార సంస్థలు ఆలోచించదగినది. గుజరాత్‌లోని వాడినార్ శుద్ధి కర్మాగారం, దేశవ్యాప్తంగా 6 వేలకు పైగా పెట్రోలు బంకులు గల సంస్థ అది. ఐరోపా సమాఖ్య ఆంక్షలు విధించిన కొద్ది రోజులకే మైక్రోసాఫ్ట్ దాని ఈమెయిల్ తదితర సేవలను నిలిపివేసింది. నయారా ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. అనంతరం సేవలు తిరిగి లభించాయి. చందా చెల్లించి వాడే సేవను దూరాన ఉన్నవారు ఆపగలరన్నది ఇక్కడ రుజువైంది.

ప్రత్యామ్నాయాలు, పరిమితులు

కేంద్ర ప్రభుత్వం 2010 నవంబరులో ఇ-గవర్నెన్స్‌లో బహిరంగ ప్రమాణాల విధానాన్ని, 2015 మార్చిలో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ విధానాన్ని ప్రకటించింది. రెండవ విధానం మూలసంకేతం అందుబాటులో ఉన్న సాఫ్ట్‌వేరుకు ప్రాధాన్యమిస్తుంది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు చాలా కాలంగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును వాడుతున్నాయి.

అయితే ఇది శ్రమ లేని మార్గం కాదు. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో లినక్స్ వైపు మళ్ళాలని నిర్ణయించి, 2013 నాటికి సుమారు 15 వేల కంప్యూటర్లను మార్చింది. 2017లో మళ్ళీ విండోస్‌కే మరలాలని తీర్మానించింది. నేర్పేవారు, మరమ్మతు చేసేవారు లేనిచోట మూలసంకేతం చేతిలో ఉన్నా ప్రయోజనం స్వల్పమే.

కొనే ముందు అడగవలసినవి

పంచాయతీకైనా, సహకార సంఘానికైనా, మగ్గాల యజమానికైనా, కిరాణా దుకాణానికైనా ఈ ప్రశ్నలు ఉపకరిస్తాయి.

1. నమోదు చేసిన సమాచారం మొత్తాన్ని ఇతర ప్రోగ్రాములు చదవగల రూపంలో ఎప్పుడైనా తీసుకోవచ్చునా? అందుకు వేరే రుసుము ఉన్నదా?
2. చందా ఆగిపోతే పాత లెక్కలు కనీసం చూడడానికైనా తెరుచుకుంటాయా?
3. కంప్యూటరు మార్చితే అదే లైసెన్సు చెల్లుతుందా?
4. తెలుగు, కన్నడ అక్షరాలు యూనికోడ్‌లోనే నిల్వ అవుతాయా?
5. ఒప్పందం ముగిసినప్పుడు సమాచారాన్ని, అవసరమైతే మూలసంకేతాన్ని, ఎన్ని దినాలలో అప్పగిస్తారు?

జవాబులను నోటిమాటగా కాక కాగితం మీద తీసుకోవాలి. ప్రతి నెలా ఒక రక్షణ ప్రతిని వేరొక చోట ఉంచి, అది తెరుచుకుంటున్నదీ లేనిదీ సరిచూసుకోవాలి. రైతులు సైతం తమ పహణీ ముద్రిత ప్రతిని ఏటా తీసి ఇంట్లో భద్రపరచుకోవడం మంచిది. కంప్యూటరు దస్త్రంలో తేడా కనిపించిన నాడు, నిన్న ఏమి ఉన్నదో చూపగలిగేది ఆ కాగితమే.