కెనడాలో అగ్నిప్రమాదాలు, పేలుళ్ల ఫోరెన్సిక్ దర్యాప్తు: చరిత్ర

కాలిపోయిన, పేలిపోయిన చోట మిగిలిన ఆనవాళ్లను బట్టి నిప్పు ఎక్కడ పుట్టిందో, ఎలా పుట్టిందో తేల్చడం ఈ దర్యాప్తు పని. దోషిని పట్టుకోవడం, కారణాన్ని కనిపెట్టడం వేర్వేరు పనులని చట్టంలో రాసుకోవడానికి కెనడాకు చాలాకాలం పట్టింది.

1917 డిసెంబరు 6న హాలిఫాక్స్ రేవులో మందుగుండుతో నిండిన ఫ్రెంచి ఓడ మోంబ్లాఁ, మరో ఓడ ఇమోతో ఢీకొని, అంటుకుని, పేలింది. దాదాపు 1,800 మంది చనిపోయారు. వారానికే మొదలైన విచారణ తప్పంతా మోంబ్లాఁ కెప్టెన్, పైలట్, ఒక నౌకాదళ అధికారిదేనంది. 1920లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ (అప్పటి అత్యున్నత అప్పీలు కోర్టు) మాత్రం రెండు ఓడలకూ సమానంగా బాధ్యత పంచింది. తొలి తీర్పులో పరిశోధన కన్నా జనాగ్రహం పాలే ఎక్కువనిపిస్తుంది.

నిజానికి అప్పటికే మాంట్రియల్‌లో డాక్టర్ విల్‌ఫ్రిడ్ దెరోమ్ 1914లో స్థాపించిన ఫోరెన్సిక్ ప్రయోగశాల ఉంది. ఉత్తర అమెరికాలో అదే మొదటిది. దాని సత్తా 1949లో బయటపడింది. సెప్టెంబరు 9న క్విబెక్ నుంచి బయల్దేరిన డీసీ-3 విమానం సో-ఓ-కోషోన్ దగ్గర కూలి, 23 మంది మరణించారు. సామాను అర శకలాల మీద డైనమైట్ జాడలు దొరికాయి. పోలీసులు ఆ విమానంలో పంపమని పార్సిల్ తెచ్చిచ్చిన మహిళ ద్వారా ఆల్బర్ట్ గే అనే నగల వర్తకుణ్ణి చేరుకున్నారు. అతని భార్య ఆ విమానంలోనే ఉంది. ఆమె పేర బీమా ఉంది. విమానం సెయింట్ లారెన్స్ నది మీద ఉండగా పేలితే ఆధారాలు నీటిపాలవుతాయన్నది పథకం. విమానం కొద్ది నిమిషాలు ఆలస్యంగా లేచింది, నేల మీద కూలింది. గేతో పాటు మరో ఇద్దరిని ఉరితీశారు.

1985 జూన్ 23న కెనడా నుంచి బయల్దేరిన ఎయిరిండియా 182వ విమానం సముద్రం మీద పేలి 329 మంది మరణించారు. అదే రోజు జపాన్‌లోని నరీతా విమానాశ్రయంలో ఓ బ్యాగు పేలి ఇద్దరు కార్మికులు చనిపోయారు. సముద్రగర్భంలోని శకలాల కన్నా నరీతా ముక్కలే ఎక్కువ చెప్పాయి: అవి బాంబును దాచిన సాన్యో ట్యూనరువని గుర్తించి, బ్రిటిష్ కొలంబియాలోని డంకన్‌లో దాన్ని అమ్మిన దుకాణం దాకా వెళ్లారు. కొన్న ఇంద్రజిత్ సింగ్ రెయత్‌కు 1991లో శిక్ష పడింది.

1990లో ఏర్పడ్డ రవాణా భద్రతా మండలికి తప్పెవరిదో తేల్చే అధికారాన్ని చట్టమే ఇవ్వలేదు. 1998 సెప్టెంబరు 2న పెగ్గీస్ కోవ్ దగ్గర సముద్రంలో కూలిన స్విస్ఎయిర్ 111 (మృతులు 229) కేసులో ఈ పద్ధతి ఎంత లోతుకు వెళ్లగలదో తెలిసింది. బరువు లెక్కన 98 శాతం శకలాలు వెలికితీసి, విమానం ముందు 10 మీటర్లను తిరిగి పేర్చారు. కరిగి బొట్టుకట్టిన రాగితీగల్ని పరీక్షించారు. వైర్లలో ఆర్కింగ్ (విద్యుత్ నిప్పురవ్వలు ఎగరడం) జరిగి, ఇన్సులేషన్ మీది లోహపూత పాలియెస్టర్ పొర అంటుకుందని 2003 నివేదిక తేల్చింది.

2013 జూలై 6న లాక్-మెగాంటిక్‌లో ముడిచమురు రైలు పట్టాలు తప్పి మండి, 47 మంది మరణించారు. మండలి 18 కారణాలు చూపింది. విచారణ ఎదుర్కొన్న ముగ్గురు రైల్వే ఉద్యోగులను జ్యూరీ 2018 జనవరిలో నిర్దోషులుగా విడిచిపెట్టింది.