వల్లియమ్మాళ్ పాట: భూమి పోయింది, పేరూ పోవాలా?

మా అమ్మమ్మ నాట్లకు పోయి నడుం పడిపోయి ఇంటికొచ్చినా నన్ను వొళ్లో కూర్చోబెట్టుకొని ‘నా సామీ’ అని ముద్దు చేసేది. పొద్దున పొలం గట్టు మీద ఆసామి ఎదురైతే ఆయన్నీ ‘సామీ’ అనే పిలిచేది. ఒకే మాటలో ప్రేమా ఉంది, భయమూ ఉంది. తమిళనాడు దళిత వాడల్లో కూడా ఇదే మాట, ‘ఎన్ సామి’. అదే వాడుకలో ‘ఎంజామి’ అయింది.

2021 మార్చి 7న యూట్యూబ్‌లో విడుదలైన ‘ఎంజాయ్ ఎంజామి’ ర్యాప్ పాటను ధీ, అరివు పాడారు. మాటలు అరివువి. నిర్మాణం సంతోష్ నారాయణన్‌ది. సినిమా లేదు, హీరో లేడు. ఫోన్ల మీదే అది దేశాలు దాటింది. కోట్లమంది విన్నారు. తమిళం ముక్క రానోళ్లు రీల్స్ చేసి ఆడారు. కానీ అడవి కొట్టి నేలను సాగులోకి తెచ్చినవాళ్లకు ఆ నేల ఎందుకు దక్కలేదని అడిగే పాట అదని ఆడినోళ్లలో ఎంతమందికి తెలుసు?

ఆ పాట వెనక అరివు అవ్వ వల్లియమ్మాళ్ ఉంది. ఆమె శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసి తిరిగొచ్చిన కూలీ. వీడియోలో ఆమె కూడా కనిపిస్తుంది. కాబట్టి పాట చరిత్ర చెప్పాలంటే తోటల చరిత్ర చెప్పాల్సిందే.

బ్రిటిష్ దొరలు సిలోన్ కొండల్లో ముందు కాఫీ వేశారు. 1869 నుంచి ఆకు తెగులు కాఫీని తినేస్తే తేయాకుకు మళ్లారు. కూలీలను తమిళ జిల్లాల నుంచి కంగాణీలు తోలుకుపోయారు. కంగాణీ అంటే మన మేస్త్రీ లాంటివాడే. చేతిలో అడ్వాన్సు పెడతాడు. ఆ అప్పే సంకెల. పోయినవాళ్లలో ఎక్కువమంది పరైయర్లు, పళ్లర్లు, చక్కిలియర్లు. ఈ చక్కిలియర్లే అరుంధతీయులు. వీళ్లలో చాలామంది ఇళ్లలో నేటికీ తెలుగే మాట్లాడతారు. ఇది ఎవరిదో పరాయి కథ అనుకోవడానికి లేదు. మన కోస్తా జిల్లాల నుంచి ‘రంగం’ పోయిన కూలీల కథ కూడా దీనికి తోబుట్టువే.

తోట మీద బతుకు లైను ఇళ్లలో గడిచింది. మూడు నాలుగు తరాలు అక్కడే పుట్టి అక్కడే మట్టిలో కలిశాయి. తీరా స్వాతంత్ర్యం వచ్చాక 1948 పౌరసత్వ చట్టం వీళ్లలో అత్యధికుల్ని ఏ దేశమూ లేనివాళ్లను చేసింది. 1964లో సిరిమావో, శాస్త్రి ఒప్పందం చేసుకున్నారు. 9,75,000 మంది లెక్క తేల్చాల్సి ఉంటే 5,25,000 మంది ఇండియాకు, 3,00,000 మంది సిలోన్‌కు అని పంచుకున్నారు. మిగిలిన 1,50,000 మంది సంగతి తర్వాత చూద్దామన్నారు. గొడ్లను పంచుకున్నట్టు పంచుకున్నారు. కూలీని అడిగిందెవరు? ఒప్పందం కాగితాల్లో అంకెలున్నాయి, వల్లియమ్మాళ్ లేదు. ఆ ఖాళీని మనవడి పాట పూడ్చింది.

పాటకు ఇంకో వంశం కూడా ఉంది. 1907లో ‘ఒరు పైసా తమిళన్’ పత్రిక పెట్టిన అయోతీదాస్ పండితుడు తన జనాన్ని కులం లేని తమిళులన్నాడు. ఆ మాట నుంచే దర్శకుడు పా. రంజిత్, సంగీతకారుడు టెన్మా కలిసి నిలబెట్టిన ‘కాస్ట్‌లెస్ కలెక్టివ్’ బృందానికి పేరొచ్చింది. 2018 జనవరిలో చెన్నైలో వాళ్ల మొదటి కచేరీ. చావు డప్పును, గానాపాటను, ర్యాప్‌ను ఒక్క వేదిక ఎక్కించారు. అరివు ఆ బృందంలోవాడే. అమెరికాలో నల్లవాళ్ల వాడల్లో పుట్టిన ర్యాప్ ఇక్కడ ఒప్పారితో కలిసింది. ఒప్పారి అంటే మన ఆడవాళ్లు పీనుగ దగ్గర పెట్టే శోకాలు. రెండింటిలోనూ గొంతే ఆస్తి.

ఆ ఆస్తి కూడా ఎవరి పేరున నమోదైందో చూడండి. 2021 ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా ఆ పాట ఊసెత్తుతూ వేసిన ముఖచిత్రంలో ధీ ఉంది, మరో గాయకుడున్నాడు, అరివు లేడు. రంజిత్ బహిరంగంగా నిలదీశాక అరివుతో వేరే డిజిటల్ ముఖచిత్రం వేశారు. 2022 జులై 28న చెన్నై చెస్ ఒలింపియాడ్ ప్రారంభ సభలో ఆ పాట పాడినప్పుడు కూడా వేదిక మీద అరివు లేడు. ఆ తర్వాత ఆయన, పాట కట్టిందీ రాసిందీ పాడిందీ నేనేనని ప్రకటించుకోవాల్సి వచ్చింది. ఇది అందరం కలిసి చేసిన పని, అరివు పేరు మేమెప్పుడూ దాచలేదు అని ధీ, సంతోష్ నారాయణన్ జవాబిచ్చారు. ఆ పాట వల్ల తమలో ఎవరికీ రూపాయి రాలేదని 2024 మార్చిలో సంతోష్ నారాయణనే చెప్పారు.

ఎవరి వాటా ఎంతని తీర్పు చెప్పడం నా పని కాదు. కానీ ముఖచిత్రం వేసేటప్పుడు, వేదిక కట్టేటప్పుడు జారిపోయే పేరు ప్రతిసారీ వాడ నుంచి వచ్చినవాడిదే ఎందుకవుతుంది? దీన్ని ఒక పత్రిక పొరపాటనో, ఒక సభ పొరపాటనో సరిపెట్టుకోలేం. తోట పెంచినామె పేరు తోట కాగితాల్లో లేదు. పాట తెచ్చినోడి పేరు అట్ట మీద లేదు. రెండూ ఒకే అలవాటు.

మనం మాత్రం తక్కువ తిన్నామా? గూడ అంజయ్య రాసిన ‘ఊరు మనదిరా’ను చిన్నప్పుడు గొంతు పగిలేలా పాడాను. రాసినాయన పేరు యూనివర్సిటీకి వచ్చినాకే తెలిసింది. నాట్ల పాటల్ని ‘జానపదం’ అని అచ్చేసి, పాడినామె పేరు వదిలేసిన పుస్తకాల మీదే మనం పరీక్షలు రాశాం.

అందుకే ఒక్క మాట. వాడకు పోయి పాట రాసుకునే ప్రతి విద్యార్థీ, ప్రతి కార్యకర్తా పాట కంటే ముందు పాడినామె పేరు రాయండి. ఆమె ఊరు, చేసిన పని, ఎవరి దగ్గర నేర్చుకుందో రాయండి. మా అమ్మమ్మ పోయింది. ఇంటికి మొదటి డిగ్రీ తెచ్చిన నా దగ్గర ఆమె పాట ఒక్కటీ రాసి లేదు.