ఊరి బావిలో నీళ్ళున్నాయా?

నవల రాయాలంటే ముందు ఏం చదవాలి అని కొత్తగా రాస్తున్నవాళ్ళు అడుగుతుంటారు. నేను నవల పేరేదీ చెప్పను. ఏనుగుల వీరాస్వామయ్యగారి ‘కాశీయాత్ర చరిత్ర’ చదవమంటాను. అది యాత్రాగ్రంథం కదా, కథేముంది అందులో అంటారు. కథ లేదు. కథకి ముందు ఉండవలసినది మాత్రం బోలెడంత ఉంది.

వీరాస్వామయ్య మద్రాసు సుప్రీం కోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్. 1830 మే 18న సుమారు వందమంది పరివారంతో కాశీకి బయలుదేరాడు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబ్బల్‌పూరు, ప్రయాగ మీదుగా కాశీ చేరాడు. గయ, కలకత్తా చూసుకుని, తూర్పు తీరం వెంట దిగి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. దారి పొడుగునా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకి ఉత్తరాలు రాస్తూ వచ్చాడు. వీరాస్వామయ్య 1836లో పోయాడు. ఆ ఉత్తరాలు 1838లో పుస్తకమయ్యాయి.

పుణ్యం కోసం వెళ్ళిన మనిషి, సందేహం లేదు. కాని ఆయన కళ్ళు గోపురం దగ్గర ఆగిపోవు. దిగడానికి చోటుందా, బావిలో నీళ్ళున్నాయా, అంగట్లో ఏమి దొరుకుతాయి, దారి రాళ్ళా బురదా, ఏరు ఎలా దాటాలి, ఇక్కడ ఏ రూపాయి చెల్లుతుంది? ఊరు మారినప్పుడల్లా ఇవే ప్రశ్నలు, విసుగు లేకుండా. రోజంతా ఒకరి మాటని ఇంకొకరి భాషలోకి తెచ్చిపెట్టే ఉద్యోగం చేసినవాడు కాబట్టేనేమో, ఆయన తెలుగుకి మడి తక్కువ. గ్రాంథికం పక్కనే వాడుకమాట, దాని పక్కనే హిందుస్తానీ మాట వచ్చి కూర్చుంటాయి.

అప్పటికి తెలుగులో నవల లేదు. నరహరి గోపాలకృష్ణమ సెట్టి ‘శ్రీరంగరాజ చరిత్ర’ 1872లో వచ్చింది, కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878లో. మొదటి పుస్తకం పుట్టుకే చూడండి. దేశీయుల ఆచారవ్యవహారాలు తెలిపే పుస్తకం రాస్తే బహుమతి ఇస్తామని గవర్నర్ జనరల్ మేయో హయాంలో వచ్చిన ప్రకటన దానికి ప్రేరణ అంటారు. అంటే దొరలకి మన గురించి కుతూహలం. వీరాస్వామయ్యకి నలభై ఏళ్ళ ముందే ఆ కుతూహలం ఉంది, ఎవరూ బహుమతి ఇస్తామనకుండానే.

అయితే నన్ను ఈ పుస్తకం దగ్గరికి మళ్ళీ మళ్ళీ లాగేది ఆయన రాయనిది కూడా. వందమంది నడిచారు, పదిహేను నెలలు. ఉత్తరాల్లో మనకి వినిపించే గొంతు ఒక్కటే. రాత్రి మజిలీలో సవారీ దించుకున్న బోయీలు ఏం మాట్లాడుకున్నారు? ఇంటిదగ్గర ఎవరిని వదిలి వచ్చారు? వాళ్ళకీ ఒక కాశీ ఉందా, లేక కూలేనా? ఇది ఆయన తప్పని అనను. ఆయన స్నేహితుడికి ఉత్తరం రాస్తున్నాడు, నవల కాదు.

ఆ బోయీల మాట ఊహించడం నవల పని. కాని ఆ రాత్రి వాళ్ళు దిగిన ఊళ్ళో బావి ఎండిపోయి ఉందో లేదో తెలియకుండా ఊహిస్తే, వాళ్ళ నోట మన మాటలే పలుకుతాయి. దాహంగా ఉన్నవాడి మాట వేరు. అందుకే, ముందు వీరాస్వామయ్యని చదవమనేది.