ఇంటి చిరునామాలో ఉన్న చరిత్ర



చరిత్ర పాఠం అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది సంవత్సరాల పట్టిక. మొదటి పానిపట్టు యుద్ధం 1526, ప్లాసీ యుద్ధం 1757, సిపాయిల తిరుగుబాటు 1857. బట్టీపట్టాం, పరీక్ష రాశాం, సెలవుల్లో మరచిపోయాం. బడిపంతులుగా నేను కూడా చాలాకాలం పాఠం అలాగే చెప్పాను. ఆ పద్ధతి మార్చుకోవలసి వచ్చిన ఒక సంగతి ఈ పూట మీతో చెప్పుకుంటాను.

మాది అత్తిమంజేరిపేట. తిరువళ్ళూరు జిల్లా, పళ్ళిపట్టు తాలూకా. మగ్గాల ఊరు. ఎన్నో ఇళ్ళలో తెలుగు, బడిలో తమిళం, అంగళ్ళ దగ్గర రెండూ వినిపిస్తాయి. ఒకరోజు భాషాప్రయుక్త రాష్ట్రాల పాఠం చెబుతున్నాను. ఒక అమ్మాయి లేచి, “సార్, మా అవ్వ ఆంధ్రాలో పుట్టానంటుంది. ఈ ఇంట్లోనే పుట్టానని కూడా అంటుంది. రెండూ ఎట్లా నిజమవుతాయి సార్?” అని అడిగింది.

పాఠం ముగించాలనే తొందరలో ఉన్నాను. “అది పరీక్షలో రాదులేమ్మా, కూర్చో” అన్నాను. తరగతి నవ్వింది. ఆ పిల్ల తల వంచుకుని కూర్చుంది.

ఇంటికి పోయాక ఆ మాట నన్ను వదలలేదు. ఆ సంవత్సరమంతా నా తరగతిలో ఎవరైనా అడిగిన అసలైన చరిత్ర ప్రశ్న అదొక్కటే. దాన్ని నేనే కూర్చోబెట్టేశాను.

మరునాడు ఆ అమ్మాయితో అందరి ముందూ చెప్పాను, “నువ్వు అడిగింది సరైన ప్రశ్న, నేను చెప్పిందే తప్పు” అని. తరువాత పిల్లకాయలందరికీ ఒక పని అప్పగించాను. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, పాత కాగితం ఏదైనా ఉంటే దాని నకలు తెమ్మన్నాను. దస్తావేజు గానీ, పన్ను రసీదు గానీ, పెళ్ళి పత్రిక గానీ, ఏదైనా సరే. ఒక అబ్బాయి వాళ్ళ తాత ట్రంకుపెట్టెలో దాచిన ఇంటి దస్తావేజు జెరాక్సు తెచ్చాడు. అది తెలుగులో ఉంది. చిత్తూరు జిల్లా అని ఉంది. తెచ్చిన అబ్బాయి ఇంట్లో మాట్లాడేది తెలుగే, కానీ అందులో ఒక్క అక్షరం చదవలేకపోయాడు.

ఆ కాగితం చేతపట్టుకుని, నల్లబల్ల మీద ఒకే ఇంటికి వచ్చిన చిరునామాలు వరుసగా రాశాను. మొదట ఈ ప్రాంతం కార్వేటినగరం జమీందారీ, ఉత్తర ఆర్కాడు జిల్లా. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడింది, అప్పుడు అందులో చేరింది. 1953 అక్టోబరు 1 నుంచి ఆంధ్ర రాష్ట్రం. 1956 నవంబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్. 1960 ఏప్రిల్ 1 నుంచి మద్రాసు రాష్ట్రం, చెంగల్పట్టు జిల్లా. 1969లో రాష్ట్రం పేరు తమిళనాడు అయింది. 1997లో చెంగల్పట్టు జిల్లా రెండై, మనది తిరువళ్ళూరు జిల్లా అయింది. ఇల్లు మాత్రం ఉన్నచోటే ఉంది.

ఇప్పుడు ఆ అమ్మాయి తానే లేచింది. “అయితే మా అవ్వ చెప్పింది రెండూ నిజమే సార్” అంది.

ఇదెందుకు జరిగిందని తరువాతి ప్రశ్న. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు మద్రాసులో నిరాహారదీక్ష మొదలుపెట్టి, డిసెంబరు 15న ప్రాణాలు వదిలారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు నగరం రాలేదు. సరిహద్దు తగవు మిగిలిపోయింది. తిరుపతి, చిత్తూరు, తిరుత్తణి తమవని తమిళుల పక్షాన మ.పొ.శివజ్ఞానం పోరాడారు. చివరికి పాటస్కర్ మధ్యవర్తిత్వం మీద 1959లో పార్లమెంటు చట్టం చేసింది. తిరుత్తణి తాలూకా, పళ్ళిపట్టు ఉపతాలూకా సహా సుమారు 405 చదరపు మైళ్ళు మద్రాసు రాష్ట్రానికి వచ్చాయి. చెంగల్పట్టు, సేలం జిల్లాల నుంచి సుమారు 326 చదరపు మైళ్ళు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి.

ఇక రెండు వైపుల పుస్తకాలు చూడండి. తమిళనాడులో 2019లో వచ్చిన పదో తరగతి తమిళ వాచకంలో మ.పొ.శి. ఆత్మకథ నుంచి ఒక భాగం పాఠంగా ఉంది. ఉత్తర సరిహద్దు పోరాటమే అందులో విషయం. తిరుత్తణి అక్కడ గెలిచి తెచ్చుకున్న ఊరు. నేను తిరగేసిన తెలుగు పాఠ్యపుస్తకాలలో శ్రీరాములుగారి త్యాగం ఉంది, కర్నూలు ఉంది, హైదరాబాదు ఉంది. 1960లో మన పల్లెలు ఏమయ్యాయో అక్కడ నాకు కనబడలేదు. మన పిల్లవాడు ఒక పుస్తకంలో గెలుపుగా ఉన్నాడు, ఇంకో పుస్తకంలో లేనేలేడు.

అలాగని తెలుగు పుస్తకమే నిజం, తమిళ పుస్తకం అబద్ధం అని నేను చెప్పను. నా తరగతిలోనే ఒక తమిళ అబ్బాయి, “మా తాత ఆ రోజు తిరుత్తణి మాకు వచ్చిందని మిఠాయి పంచాడంట సార్” అన్నాడు. తెలుగు అమ్మాయి, “మా ముత్తాత ఆ రోజు అన్నం తినలేదంట” అంది. ఇద్దరూ ఒకే బెంచీ వరసలో కూర్చునేవాళ్ళే. ఒకరి మాట ఒకరు వినేదాకా ఆగాను. ఆ నాలుగు నిమిషాలు తరగతిలో ఉన్న నిశ్శబ్దం నేనెప్పుడూ బెత్తంతో తెప్పించలేకపోయాను. సత్యవేడు వైపు పోతే ఇదే కథ తలకిందులుగా ఉంటుంది. 1960 దాకా చెంగల్పట్టు జిల్లాలో ఉన్న ఆ పల్లెల్లో తమిళం మాట్లాడే ఇళ్ళు తెలుగు రాష్ట్రంలో మిగిలాయి. ఆ పిల్లలకూ ఇలాంటి అవ్వలే ఉంటారు.

దగ్గర చరిత్ర చెబితే దూరపు చరిత్ర చెడిపోతుందా? నా అనుభవంలో బాగా అర్థమవుతుంది. ప్లాసీ బెంగాల్లో ఉంది. హైదర్ అలీకీ, ఐర్ కూట్ సేనలకూ 1781 సెప్టెంబరు 27న యుద్ధం జరిగిన షోలింగూరు మన పక్కనే ఉంది. కొండ ఎక్కి నరసింహస్వామిని చూసి వచ్చే పిల్లలకు ఆ సంగతి తెలియదు. అది తెలిసినవాడికి, కుంపిణీ ఈ దేశాన్ని ఎట్లా పట్టిందో చెప్పడం నాకు సులువవుతుంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో తిరుత్తణిలో పుట్టారని అందరం చెబుతాం. ఆయన పుట్టిననాడు అది ఏ జిల్లా అని అడిగి చూడండి. సెప్టెంబరు 5న చేసే ఉపన్యాసం కంటే ఆ ఒక్క ప్రశ్న ఎక్కువ నేర్పుతుంది.

మనకంటే పెద్ద తగవులు పడినవాళ్ళున్నారు. ఫ్రాన్సు, జర్మనీ 1870 నుంచి 1945 లోపల మూడుసార్లు యుద్ధం చేసుకున్నాయి. అయినా రెండు దేశాల పండితులు కలిసి కూర్చుని, పై తరగతులకు ఒకే చరిత్ర పుస్తకం రాశారు. మొదటి భాగం 2006లో రెండు భాషల్లోనూ వెలువడింది. ఒకే దేశంలో ఉన్న రెండు రాష్ట్రాలు సరిహద్దు జిల్లాల పిల్లలకోసం కనీసం ఒక్క పాఠమైనా కలిసి రాయలేవా?

అది పెద్దలు చేయవలసిన పని. మనం చేయగలిగింది ఒకటుంది. 2006 చట్టంతో తమిళనాడు బడుల్లో పదో తరగతి దాకా తమిళం దశలవారీగా తప్పనిసరి అయింది. తమిళం రావడం మన పిల్లలకు మంచిదే, నేను అన్నం తినేది కూడా ఆ భాష చలవే. కానీ తెలుగు అక్షరం ఇంట్లో అయినా నేర్పకపోతే, ట్రంకుపెట్టెలో ఉన్న కాగితం రేపు చెదలకే తప్ప ఎవరికీ పనికిరాదు.

అందుకని శ్రోతలకు నా మనవి. ఈ ఆదివారం ఆ పెట్టె తెరవండి. మనవణ్ణో మనవరాలినో పక్కన కూర్చోబెట్టుకుని ఒక పాత కాగితం చదివి వినిపించండి. వాళ్ళు ప్రశ్న అడిగితే, నాలాగా “పరీక్షలో రాదులే” అనవద్దు.