‘బహుమతి లేదు’



వైజ్ఞానిక కల్పనలకు, అద్భుత కథలకు అమెరికాలో పుట్టిన పురస్కారాలలో రెండింటికి పేరెక్కువ. 1953లో మొదలైన హ్యూగోకు ఓటువేసేది అభిమాన పాఠకులు. 1965లో డేమన్ నైట్ స్థాపించిన రచయితల సంఘం ఇచ్చేది నెబ్యులా. అక్కడ రచయితలే తోటి రచయితలను ఎంచుతారు. 7,500 పదాలలోపుదైతే కథ, 17,500 దాకా పెద్దకథ, 40,000 దాకా నవలిక అని వారి కొలత. (గణాలు లెక్కించిన నాబోటివాడికి ఇది వింతేమీ కాదు లెండి!)

1971 నాటి నెబ్యులా సభ. కథావిభాగంలో విజేత పేరు చదివినవాడు సాక్షాత్తూ ఐజాక్ అసిమోవ్. జీన్ వుల్ఫ్ రాసిన ‘ది ఐలండ్ ఆఫ్ డాక్టర్ డెత్ అండ్ అదర్ స్టోరీస్’ అని ప్రకటించారు. చదువుతున్న చవక పుస్తకంలోని పాత్రలు ఒంటరి పిల్లవాడి ఎదుటికి నడిచివచ్చే కథ అది. ఆద్యంతం ‘నీవు’ అనే సంబోధనతో సాగుతుంది. వుల్ఫ్ లేచి నిలబడ్డారు. అంతలో ఎవరో అసిమోవ్ చెవిలో ఏదో చెప్పారు. నిజానికి ఎక్కువ ఓట్లు పడినది ‘బహుమతి లేదు’ అన్న పద్దుకు! వుల్ఫ్ కథది ఆ తరువాతి స్థానం. అసిమోవ్ ముఖం పాలిపోయింది, సవరణ ప్రకటించారు. వుల్ఫ్ కూర్చున్నారు.

దశాబ్దాలపాటు బడి వార్షికోత్సవాలలో బహుమతుల జాబితా చదివినవాణ్ణి. పేరు పిలిచాక వేదిక దాకా వేసే ఆ నాలుగడుగుల విలువ ఎరుగుదును. మరొకరు నీకన్నా బాగా రాశారంటే ఓర్చుకోవచ్చు. ఏ ఒక్కటీ తగదని సాటి రచయితలే తీర్పు చెప్పడం ఎటువంటిది?

కారణం కథల నాణ్యత కాదనే నా అభిప్రాయం. వుల్ఫ్ కథ వచ్చినది నైట్ సంపాదకత్వంలోని ‘ఆర్బిట్’ సంకలనంలో. కొత్త పోకడల రచనలకు అది ఆటపట్టు. పాతతరం వారికి ఆ పోకడలు గిట్టలేదు. వాదం శైలి మీద, వేటు కథకుడి మీద.

ఆ కథ పేరునే తిరగేసి ‘ది డెత్ ఆఫ్ డాక్టర్ ఐలండ్’ రాయమని ఒక మిత్రుడు హాస్యమాడాడట. వుల్ఫ్ రాశారు. 1973 రచనలలో ఉత్తమ నవలికగా దానికి నెబ్యులా వచ్చింది.

1980లో తన కథాసంపుటికి ఆయన పెట్టిన పేరు: ‘ది ఐలండ్ ఆఫ్ డాక్టర్ డెత్ అండ్ అదర్ స్టోరీస్ అండ్ అదర్ స్టోరీస్’. ‘ఇతర కథలు’ రెండుసార్లు!