ఆకాశమునుండి పాఠము, ఊరిలో గురువు

గురువు ఒకచోట, శిష్యుడు మరియొకచోట ఉన్నప్పుడు చదువు సాగునా? ఈ ప్రశ్న ఇంటర్నెట్టుతో పుట్టినది కాదు. టపా, రేడియో, టెలివిజను, కంప్యూటరు వచ్చినప్పుడెల్ల ఇది మరల తలయెత్తినది. నేడు మిశ్రమ బోధన అనబడు పద్ధతి, అనగా ఆన్‌లైన్ పాఠమును ముఖాముఖి బోధనను కలిపి నడుపుట, ఆ పాత ప్రశ్నకు ఇప్పటి సమాధానము. ఆ సమాధానమునకు దారితీసిన అనుభవములలో ఒకటి మన దేశములో, తెలుగు పల్లెలలో కూడ జరిగినది.

1840లో ఇంగ్లండులో ఒక్క పెన్నీ రుసుముతో దేశములో ఎక్కడికైనను ఉత్తరము పంపు ఏర్పాటు వచ్చినది. ఐజాక్ పిట్‌మన్ అను ఉపాధ్యాయుడు దానిని ఉపయోగించుకొని షార్టుహ్యాండు పాఠములను టపాలో పంపసాగెను. విద్యార్థులు అభ్యాసములు వ్రాసి పంపెడివారు; అవి దిద్దబడి తిరిగి వారికి చేరెడివి. పాఠము దూరము పోవుట ఒక్కటే ఇందలి విశేషము కాదు. విద్యార్థి చేసిన తప్పు గురువును చేరి, దిద్దుబాటు తిరిగి విద్యార్థిని చేరినది. దీనిని చదువునకు తిరుగు దారి అనవచ్చును.

రేడియో, టెలివిజను వచ్చినప్పుడు పాఠము క్షణములో లక్షలమందికి చేరగలిగినది. కాని తిరుగు దారి మూసికొనిపోయినది. తెరమీది అధ్యాపకుడు వినువారి ముఖములు చూడజాలడు. అర్థము కాలేదని చేయి యెత్తిన పిల్లవాడు ఆయనకు కనబడడు. ఈ లోపమును ముందే గుర్తించి ఏర్పరచినది బ్రిటనులోని ఓపెన్ యూనివర్సిటీ. 1969లో స్థాపింపబడి, 1971లో బోధన ప్రారంభించిన ఈ విశ్వవిద్యాలయము బి.బి.సి. ప్రసారములకు పేరుపొందినది. అయినను చదువులో పెద్దభాగము అచ్చుపుస్తకములతో నడిచెను. విద్యార్థుల వ్రాతలను దిద్దుటకు ట్యూటర్లు, కలిసికొనుటకు అధ్యయన కేంద్రములు, వేసవిలో ఒక వారము విడిది తరగతులు ఏర్పడినవి. విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు ఇంటివద్ద ప్రయోగములు చేసికొను పెట్టెలు కూడ పంపబడెను.

ఇంతలో మన దేశములో ఇంకను పెద్ద సాహసము జరిగినది. విక్రమ్ సారాభాయ్ కలగనిన ఉపగ్రహ బోధన టెలివిజను ప్రయోగము, సైట్ అను పొట్టిపేరుతో, 1975 ఆగస్టు 1న ప్రారంభమై 1976 జులై 31న ముగిసినది. అప్పటికి సారాభాయ్ జీవించి లేడు; ఆయన 1971లో మరణించెను. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మధ్యప్రదేశ్, రాజస్థాన్, బీహార్, ఒరిస్సా రాష్ట్రములలో సుమారు 2,400 పల్లెలు ఇందుకు ఎన్నుకొనబడెను. అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము ఏడాదిపాటు మన దేశమునకు ఎరువుగా లభించినది.

ఆ ఉపగ్రహము భూమధ్యరేఖకు ఎగువన, దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచినది. ఆ ఎత్తున ఉపగ్రహము భూమితో సమముగా ఒక దినములో ఒక చుట్టు తిరుగును. అందుచేత నేలమీదినుండి చూచువారికి అది ఒకేచోట ఉన్నట్లు తోచును. యాంటెన్నాను ఒకసారి దానివైపు త్రిప్పిన చాలును. పైగా ఏ.టి.ఎస్.-6 అంతరిక్షములో గొడుగువలె విచ్చుకొను యాంటెన్నా గలది. దాని వ్యాసము 9 మీటర్లు. పైనుండి వచ్చు సంకేతము బలముగా ఉండుటచేత, పల్లెలో కోళ్లగూటికి కట్టు వలవంటి తీగవలతో చేసిన 3 మీటర్ల యాంటెన్నాయే సరిపోయినది. ఒకే చిత్రముతోపాటు రెండు ధ్వని మార్గములు ఉండుటవలన ఒకే బొమ్మను రెండు భాషలలో వినిపించుటకు వీలు కలిగెను.

ఉదయము బడిపిల్లలకు పాఠములు, సాయంత్రము పెద్దలకు వ్యవసాయము, ఆరోగ్యము మొదలగు విషయములు వచ్చెడివి. పిల్లలు ఆశ్చర్యముతో చూచిరి. కాని కార్యక్రమము ముగిసిన తరువాత ఆ గదిలో మిగిలినది ఉపాధ్యాయుడు. ఆయనకే విషయము తెలియనిచో, తెరమీది పాఠమునకు కొనసాగింపు ఎక్కడిది? అందుకే ఈ ప్రయోగములో మరియొక భాగము చేరినది. దాదాపు 50,000 మంది ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు, 1975 అక్టోబరులో ఒకసారి, 1976లో మరియొకసారి, 12 దినముల విజ్ఞానశాస్త్ర శిక్షణ ఇచ్చిరి. అందులో టెలివిజను ఒక్కటే కాదు. రేడియో పాఠములు, అచ్చువేసిన పుస్తకములు, స్వయముగా చేయవలసిన ప్రయోగములు కూడ ఉండెను. ప్రతి కేంద్రములోను చర్చను నడుపుటకు ముందుగా తరిఫీదు పొందిన ఒక వ్యక్తి ఉండెను. మిశ్రమ బోధన అను పేరు వాడుకలోనికి రాకముందే ఆ పని ఇక్కడ జరిగినది.

ఏడాది నిండగానే ఉపగ్రహము వెనుకకు పోయినది. కాని అనుభవము మిగిలినది. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడినది. దేశములో ఇట్టి విశ్వవిద్యాలయములలో ఇదియే మొదటిది. జి. రామిరెడ్డి దీనికి తొలి ఉపాధ్యక్షుడు. ఇంటర్మీడియట్ చదువని వారును ఆనాడు అర్హత పరీక్ష వ్రాసి డిగ్రీలో చేరగలిగిరి. పాఠ్యపుస్తకములు ఇంటికి వచ్చెను. సందేహములు తీర్చు తరగతులు, ప్రయోగములు మాత్రము కళాశాలలలో నెలకొల్పిన అధ్యయన కేంద్రములలో జరిగెను. నేడు ఇది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము.

మూసికొనిన తిరుగు దారిని కంప్యూటరు మరల తెరచినది. 1960లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయములో ప్రారంభమైన ప్లేటో అను ఏర్పాటు విద్యార్థిని ప్రశ్న అడిగి, అతని జవాబు తప్పో ఒప్పో వెంటనే చెప్పెను. ఇంటర్నెట్టు ఆ సౌకర్యమును ఇంటింటికి తెచ్చినది. అయినను జవాబు తప్పని చెప్పుట వేరు, పిల్లవాడు ఎందుకు తప్పినాడో కనిపెట్టుట వేరు. 2009లో అమెరికా విద్యాశాఖ అనేక పరిశోధనలను కలిపి పరిశీలింపగా, రెండు పద్ధతులను కలిపిన తరగతులలో ఫలితములు మేలుగా కనబడెను. కాని ఆ నివేదిక ఒక హెచ్చరిక కూడ చేసినది. అట్టి తరగతుల విద్యార్థులకు చదువుటకు ఎక్కువ సమయము, అదనపు పాఠ్యసామగ్రి లభించినవి. కావున మేలు యంత్రమువలననే కలిగినదని చెప్పుటకు వీలులేదు.

2020లో కోవిడ్ వ్యాధివలన బడులు మూతపడినప్పుడు ఈ సంగతి అందరికి తెలిసివచ్చినది. ఆ ఏడు సెప్టెంబరు 1నుండి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్లద్వారా పాఠములు ప్రసారమైనవి. ఫోను లేని ఇంటికి టెలివిజను కొంత ఆదరువైనది. కాని 1975లో పల్లెబడిలో తెరప్రక్కన నిలిచిన ఉపాధ్యాయుడు ఈసారి పిల్లల ప్రక్కన లేడు. ఇంట చదువుకొన్న పెద్దలున్న పిల్లవాడు ఎట్లో నెట్టుకొని వచ్చెను. అట్టి పెద్దలు లేని పిల్లవాడు వెనుకబడెను.

కాబట్టి మిశ్రమ బోధన చేయదలచిన ఉపాధ్యాయుడు ముందుగా పనిని విభజించుకొనవలెను. ఓమ్ నియమమును వివరించు వీడియోను పిల్లలు ఇంటివద్ద రెండుమారులు చూడవచ్చును. తీగలు కలిపి, అమ్మీటరు సూచిక తప్పుదిక్కునకు పోయినప్పుడు కారణము వెదకుట తరగతిలో జరుగవలెను. వీడియో చూచుటకు వీలులేని పిల్లలెవ్వరో కనుగొని, వారికి బడిలోనే ఆ అవకాశము కల్పింపవలెను. ఈ పని చేయని చోట పేరు మిశ్రమ బోధనయైనను, కొందరికది సగము చదువే యగును.