చదరంగపు యంత్రము - బలిదానము లెక్క

చదరంగమున గుఱ్ఱమునో ఏనుగునో కావలెనని ఎదిరికి అప్పగించి, పిమ్మట వాని రాజును చుట్టుముట్టి ఆట కట్టుటకంటె ఆటగానికి ఉల్లాసకరమైనది వేఱొకటి లేదు. చూచువారు దానిని సాహసమందురు. సాహసమెఱుగని యంత్రమునకు ఆ విద్య ఏ క్రమమున అలవడినదో నేడు మనవి చేసెదను.

1949లో క్లాడ్ షానన్ అను అమెరికా గణితజ్ఞుడు న్యూయార్కున ఒక వ్యాసము చదివి, కంప్యూటరుచేత చదరంగ మాడించుటకు మార్గము చూపెను. అందు ఆయన బలములకు వెలలు కట్టెను: బంటు 1, గుఱ్ఱము 3, శకటు 3, ఏనుగు 5, మంత్రి 9. ఈ వెలలు ఆటగాండ్రకు అంతకుముందు తెలిసినవే. యంత్రము ఇరుపక్షముల మొత్తములను సరిచూచి, బంట్ల పొందికకును బలముల కదలికకును కొంచెము కూడికయో తీసివేతయో చేసి, మేలైన ఎత్తును నిర్ణయించును. ఇది చిట్టా ఆవర్జాల లెక్క. ఇందు బలిదానమను మాటకు చోటు లేదు. గుఱ్ఱమిచ్చిన 3 నష్టము. ఆ నష్టము తన చూపు ఆనినంత దూరములో వడ్డీతో తిరిగివచ్చునేని ఇచ్చును, రానిచో ఇయ్యదు. మనము సాహసమనునది దానికి రాబడి తెలిసిన అప్పు.

చూపునకు హద్దుండుటచే ఒక వింత దోషము పుట్టెను. తన శకటు చావు తప్పదని తెలిసినపుడు యంత్రము ఒక బంటును ఎదురుపెట్టును, ఎదిరి కొట్టును, మఱియొకటి పెట్టును. ఇట్లు రెండు మూడెత్తులు గడచునప్పటికి శకటు చావు దాని చూపు దాటిపోవును. చూపు దాటినది లేనట్లే గనుక శకటు దక్కినదని తలచును. తుదకు బంట్లును పోవును, శకటును పోవును. ఋణదాత వాకిట నిలిచినపుడు పశువులనమ్మి గడువు కొనువాని తెలివి వంటిది ఇది. ఉత్తరములమూలమున ఆడు చదరంగమున జగజ్జేతయైన హాన్స్ బెర్లినర్ 1970 దశకమున దీనికి దిగంతమను అర్థమిచ్చు పేరు పెట్టెను. కొట్లాట సద్దుమణుగువఱకు లెక్క ముగింపరాదని నియమించి ఈ దోషమును తగ్గించిరి గాని, అది సమూలముగ పోలేదు.

1997 మే 11న న్యూయార్కున ఐ.బి.ఎం. వారి డీప్ బ్లూ, ప్రపంచవిజేత గారీ కాస్పరోవ్‌తో ఆఱవ ఆట యాడుచు, ఎనిమిదవ ఎత్తున ఒక బంటును కొట్టి గుఱ్ఱమును వదలుకొనెను. కాస్పరోవ్ రాజు పలక నడుమ చిక్కెను. 19 ఎత్తులకే ఆయన ఓటమి నొప్పుకొనెను. యంత్రమునకు సాహసము పుట్టినదని పలువురు విస్తుపోయిరి. ఆ విస్మయము తగనిదని నా యభిప్రాయము. ఆ ఎత్తును యంత్రము కనుగొనలేదు. దానికి తోడ్పడిన మనుష్యులు ఆరంభపుటెత్తుల పట్టికలో ముందే చేర్చియుంచిరి. సెకనుకు 20 కోట్ల స్థితులను పరికింపగల యంత్రము ఆ ఎత్తును చూచివ్రాసినది, అంతే.

అసలు మార్పు 2017 డిసెంబరున బయటపడెను. లండనులోని డీప్‌మైండ్ సంస్థ నిర్మించిన ఆల్ఫాజీరోకు ఎవరును వెలలు చెప్పలేదు. ఆట నియమములు మాత్రము తెలిపి, తనతో తానే 4 కోట్లకు పైగా ఆటలాడనిచ్చిరి. ఏ స్థితినుండి గెలుపు ఎంతవఱకు సంభవమో అది ఆ అనుభవముచే నేర్చెను. గుఱ్ఱము పోయినదా యని అది విచారింపదు. గెలుపు దగ్గఱపడినదా యని చూచును. స్టాక్‌ఫిష్ అను ప్రసిద్ధ యంత్రముతో 100 ఆటలాడి 28 గెలిచెను. తక్కిన 72 సమమయ్యెను. స్టాక్‌ఫిష్‌కు తగిన వసతి కల్పింపలేదని కొందఱు ఆక్షేపించిరి, అది నిరాధారము కాదు. అయినను, వెంటనే ఏ రాబడియు లేకయే బలములను వదలి, ఎదిరి సేనను ఒక మూల నొక్కిపెట్టు ఆ ఆటతీరు పండితులను అబ్బురపఱచెను. ప్రాత లెక్కలో అది దివాలా.

2020లో స్టాక్‌ఫిష్ నిర్మాతలును, మెదడులోని నరముల పోలికతో కట్టిన గణనజాలమును తమ యంత్రమున చేర్చిరి. అది ఫలితమును ఇప్పటికిని బంట్ల లెక్కలోనే చూపును. కాని 2022 చివరనుండి అందు 1 బంటు ఆధిక్యమనగా పలకమీద బంటు ఎక్కువ కలదని కాదు; గెలుచుటకు నూటికి 50 పాళ్ళు అవకాశము కలదని యర్థము.